ఖాతా పైన శ్రీ

మా అన్న హోసూరు పూల మండీలో కొత్త ఖాతా పుస్తకం తెరిచిన ప్రతిసారీ మొదటి పేజీ పైన శ్రీ రాసేది నేనే. నాన్న ఉన్నప్పుడు మొదలైన అలవాటు అది. ఇంట్లో అందరికంటే నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, ఆడపిల్ల చేత్తో మొదలైన పుస్తకం కలిసొస్తుందని ఆయన నమ్మకం. బడి లేని రోజుల్లో మండీలో కూర్చుని ఖాతాలు కూడా రాసేదాన్ని. గులాబీలు తెచ్చిన రైతు పేరున కొత్త పేజీ తీస్తే ముందు పైన శ్రీ పడాలి, తరువాతే పేరు, ఆ తరువాతే అంకె. శ్రీ లేని పేజీలో అంకె వేయడం మా ఇంట్లో చెప్పులతో దేవుడి గదిలోకి పోవడం లాంటిది.

పెద్దయ్యాక నేను మండీ వదిలి వార్తలు రాసే పనిలో పడ్డాను. ఒక తెలుగు దినపత్రిక బెంగళూరు ఎడిషన్‌కి హోసూరు నుంచి చాలా ఏళ్ళు రాశాను. ఫ్యాక్టరీ గేట్ల ముందు ధర్నాలు, తళి అడవి దిగి రాగి చేలల్లోకి వచ్చే ఏనుగులు, టమోటా ధరలు, పరీక్షా ఫలితాలు. కిందటేడు ఆడిమాసంలో, అంటే మన ఆషాఢంలో, హోసూరు ఆఫీసు మూసేస్తున్నామని కబురొచ్చింది. రెండు రోజుల తరువాత ఎడిటర్ ఫోన్ చేశారు.

"వాణిజ్య పేజీలో ఒక సీటు ఉందమ్మా. కానీ కంపెనీల లెక్కలు చదవడం తెలిసినవాళ్ళే కావాలంటోంది మేనేజ్‌మెంట్. యూనివర్సిటీలో ఫైనాన్షియల్ అకౌంటింగ్ మొదటి కోర్సు చేసి సర్టిఫికెట్ తెండి. ఉగాది దాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వకుండా చూస్తాను. ఆ తరువాత నా చేతిలో ఉండదు."

మా ఆయన పనిచేసే యూనిట్‌లో అప్పటికే షిఫ్టులు తగ్గించేశారు. అమ్మాయి కాలేజీలో ఉంది. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. ఆలోచించడానికి ఏమీ లేదు, చేరిపోయాను.

దూరవిద్య కోర్సు. ఆదివారం ఆదివారం కృష్ణగిరిలో ఒక కాలేజీలో క్లాసులు. పొద్దున హోసూరు బస్టాండులో బస్సెక్కి, శూలగిరి దాటేసరికి నాకు భయం మొదలయ్యేది. కృష్ణగిరి కొండ కనిపించగానే అది గట్టిపడేది. నేను భయస్తురాలిని కాను. పోలీసుల లాఠీల మధ్య నిలబడి రాసుకున్నదాన్ని. ఏనుగు తొక్కిన చేలో, అది ఇంకా పక్క తోపులోనే ఉందని తెలిసీ నడిచినదాన్ని. ఆ భయాలన్నీ ఎదుటివాళ్ళవి, నేను చూసి రాసేదాన్ని. ఈ భయం నాది, దీన్ని ఏ పేజీకీ పంపించే వీలు లేదు.

క్లాసులో అందరూ నా కూతురి ఈడువాళ్ళే. నా బెంచీలో కూర్చున్న అమ్మాయిది జవళగిరి. గొర్రెలు మేపుకునే ఇల్లు. తను మాత్రం మూకండపల్లిలో గది తీసుకుని, అక్కడి ఒక విడిభాగాల యూనిట్‌లో స్టోర్సులో పనిచేస్తోంది. ఈ కోర్సు అయితే సూపర్‌వైజర్ చేస్తామన్నారట. మొదటి రోజే నా వైపు తిరిగి అడిగింది.

"అక్కా, మీరు టీచరమ్మ అనుకొని లేచి నిలబడినాను. ఈడనే కూర్చుంటిరి?"

"నేనూ చదువుకోను వచ్చినాను."

"అయితే బాగైంది. ఫెయిలైతే తోడు ఉంటారు."

పాఠం చెప్పే మేడం తమిళంలో మొదలుపెట్టి, ఇంగ్లీషులోకి పోయి, మా ముఖాలు చూసి తెలుగులోకి వచ్చేవారు. మంచి టీచరు. ఓర్పు ఉంది. కానీ మొదటి చిన్న పరీక్షలో నా పేపరు తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడ ఓర్పు కూడా కాస్త తగ్గింది.

"ఇది ఏమిటమ్మా? క్యాష్ అకౌంట్ సరిగ్గా రాసినారు. మనుషుల అకౌంట్లన్నీ తలకిందులుగా ఉండాయి."

నాకు అర్థం కావడానికి ఆ వారమంతా పట్టింది. మండీలో రైతు పూలు తెస్తే, వాటి విలువ అతని పేజీలో ఎడమవైపు జమ. అతనికి మనం డబ్బు ఇస్తే కుడివైపు ఖర్చు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా చేతికి తెలిసిన లెక్క అది. యూనివర్సిటీ పుస్తకంలో సరుకు ఇచ్చినవాడికి క్రెడిట్, అది కుడివైపు. పుచ్చుకున్నవాడికి డెబిట్, అది ఎడమవైపు. నగదు పేజీలో రెండు పద్ధతులూ ఒకటే, వచ్చింది ఎడమ, పోయింది కుడి. అందుకే నేను మోసపోయాను. అంతా తెలిసిన దారే అనుకుంటూ నడిచి, మనిషి పేరు రాగానే ఎదురు దారిలో పడుతున్నాను.

తెలియని విషయమైతే నేర్చుకోవచ్చు. నాది తెలిసిన చెయ్యి. బుర్ర కుడి అంటుంటే చెయ్యి ఎడమకు పోతోంది. ఇంట్లో కూర్చుని రాస్తే పది లెక్కల్లో నాలుగు తప్పేవి. ఒక్క ఖాతా పక్క మారితే చివర రెండు పక్కల మొత్తాలూ సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్ కలవదు. ఎక్కడ తప్పిందో వెతకడానికే పరీక్షలో టైము అయిపోతుంది. రాస్తూ రాస్తూ వేళ్ళు బిగుసుకుపోయేవి. మా ఆయన టీ తెచ్చి పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆయన ఏమీ అడగకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

ఉపాయం చెప్పింది జవళగిరి అమ్మాయి. క్యాంటీన్‌లో నా చేతులు చూసి, ఒక చేతి గాజులు లాగింది.

"కుడిచేతివన్నీ తీసి ఎడమచేతికి వేసుకోండక్కా. గాజుల చెయ్యి డెబిట్. బోడి చెయ్యి క్రెడిట్. పూలిచ్చిన రైతు యాడికి పోవల్ల?"

"బోడి చేతికి."

"చూడండి, చెప్పేసినారు. మేడం ఇన్ని వారాలు గొంతు చించుకోనుండారు, గాజులు ఒక్క నిమిషంలో నేర్పించినాయి."

నవ్వులాటకు అన్నది నిజంగా పనిచేసింది. ప్రతి ఖాతాకూ గీత గీసే ముందు ఒక్క క్షణం ఎడమచేతిని చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. గాజులు, డెబిట్. తప్పులు తగ్గాయి. మార్గళి నెల, అదే ధనుర్మాసం, వచ్చేసరికి దాదాపు పోయాయి. భయం మాత్రం పోలేదు, ఎడమచేతిని చూసే ఆ ఒక్క క్షణంలోకి వచ్చి కూర్చుంది.

పరీక్ష అదే కాలేజీలో. ఫలితాల రోజున బోర్డు ముందు గుంపుగా నిలబడిన పిల్లల ఫోటోలు పత్రిక కోసం ఏటా తీయించేదాన్ని. హాల్ టికెట్ పట్టుకుని వరుసలో నిలబడితే ఆ పిల్లల ముఖాలే గుర్తొచ్చాయి. ఇన్విజిలేటర్ కుర్రవాడు తమిళంలో నియమాలు చదివాడు. జవాబు పుస్తకంలో పేరు రాయకూడదు. ఓం, శిలువ, దేవుడి పేరు, పిళ్ళైయార్ సుళి, ఏ గుర్తూ వేయకూడదు. వేస్తే దిద్దేవాళ్ళకు సైగ చేసినట్టు లెక్క, పేపరు రద్దు చేయవచ్చు. పిళ్ళైయార్ సుళి అంటే తమిళులు ఏది రాసినా ముందు వినాయకుడి పేరున పైన వేసే చిన్న వంపు గీత. జవళగిరి అమ్మాయి పక్క వరుస నుంచి నా వైపు వంగింది.

"సుళి వేస్తే పిళ్ళైయారే వచ్చి దిద్దుతాడేమో అని భయమంట వీళ్ళకి."

నేను నవ్వాను కూడా. ఆ నియమం నాకు కాదనుకున్నాను. నేను సుళి వేసేదాన్ని కాదు కదా.

మూడో ప్రశ్న పెద్దది. ఒక వ్యాపారి నెల లావాదేవీలు ఇచ్చి, ఖాతాలన్నీ తీసి, ట్రయల్ బ్యాలెన్స్ రాయమన్నారు. కొత్త పేజీ తిప్పాను. గాజులు చూసుకున్నాను. రాశాను. సరుకిచ్చినవాడు కుడికి వెళ్ళాడు. ఇంకో ఖాతా, మళ్ళీ గాజులు. చివర రెండు మొత్తాలూ కలిశాయి. కలిసినప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వయసులో, ఆ హాల్లో, అంకెలు కలిసినందుకు ఏడుపు వచ్చింది.

గంట కొట్టాక కాగితాలు సర్దుతూ మొదటి నుంచి తిరగేస్తున్నాను. మూడో ప్రశ్న మొదలైన పేజీ వచ్చింది. పైన, గీతకు నడిమధ్యన, గుండ్రంగా, అందంగా, శ్రీ.

నేను రాసినట్టు నాకు తెలియదు. మొదట వేరెవరిదో పేపరు అనుకున్నాను. కొట్టేద్దామని పెన్ను మూత తీశాను. కొట్టేస్తే అది మరింత పెద్ద గుర్తు అవుతుందేమో అనిపించింది. అంతలో ఇన్విజిలేటర్ చెయ్యి వచ్చి పుస్తకం తీసుకుంది. "ఒక్క నిమిషం" అనబోయాను. అతను అప్పటికే పక్క బెంచీకి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో జవళగిరి అమ్మాయికి చెప్పాను. ముందు నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది.

"ఏంటికి రాసినారక్కా?"

"తెల్దు. చెయ్యి రాసింది."

"గాజుల్నే చూస్తా ఉంటిరేమో. పైన చూసుకోలేదు."

ఆ మాట నిజమే. ఎడమ, కుడి కాపలా కాస్తూ కూర్చున్నాను. పాత అలవాటు పైనుంచి వచ్చింది.

తరువాతి వారాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే వాటి కష్టం. ఆఫీసు మూసేశారు. నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే తీసి చూసేదాన్ని. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. ఫలితాలు వెబ్‌సైటులో పెట్టిన రోజు జవళగిరి అమ్మాయి ఫోన్ చేసింది. తను పాసైంది. నా నంబరు తనే కొట్టి చూసింది.

"మీది విత్‌హెల్డ్ అని ఉండాదక్కా. ఫెయిల్ కాదు. ఆపి పెట్టినారు."

ఫెయిల్ అని ఉంటే ఆ రాత్రి పడుకుని ఉండేదాన్నేమో. కొన్నాళ్ళకు విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. పరీక్షలో గుర్తింపు చిహ్నం వేసినట్టు ఆరోపణ. కృష్ణగిరి సెంటర్‌లోనే, ఉగాదికి కొద్ది రోజుల ముందు.

మా అన్నకు అప్పటిదాకా చెప్పలేదు. చెబితే మండీలో, బంతిపూల మూటల మధ్య, కడుతున్న మూట వదిలేసి కూలబడ్డాడు.

"లక్ష్మి పేరు రాస్తే దొంగతనమా?" అన్నాడు.

"పరీక్షలో అన్నా. ఆడ కూడదు."

"లెక్కలు రాసే పరీక్షే కదా? శ్రీ లేకుండా లెక్క యాడైనా ఉండాదా? ఆ యూనివర్సిటీ లెక్కలు ఎట్లా నిలబడతాయి?"

"నిలబడతాయి. నా పనే నిలబడేలా లేదు."

అతను లేచి రెండు మూరల మల్లెపూలు కోసి నా చేతిలో పెట్టాడు. మా ఇంట్లో ఓదార్పు అంటే అదే.

విచారణ రోజున నేను నూలు చీర కట్టుకుని, గాజులు తీసేసి, వాచీ పెట్టుకుని వెళ్ళాను. పెద్దమనిషిలా కనబడాలనుకున్నాను. వరండాలో నాలాగే కొందరు కూర్చుని ఉన్నారు. చీటీలతో పట్టుబడ్డ పిల్లలు. ఒకడు మోకాళ్ళు ఆడిస్తున్నాడు. వాళ్ళ పక్కన కూర్చోగానే నేనూ దొంగలాగే కనబడతానని తెలిసింది.

లోపల ఇద్దరు. ఫైలు పెట్టుకున్న ఒకావిడ, తల నెరిసిన ఒక ప్రొఫెసరు. నా జవాబు పుస్తకం ఆయన ముందు తెరిచి ఉంది. ఆయన తమిళంలో మొదలుపెట్టి, నా ఉద్యోగం ఏమిటో విని తెలుగులోకి మారారు.

"దిద్దేవాళ్ళలో మీకు తెలిసినవాళ్ళు ఉండారా?"

"లేరు సార్."

"పేపర్లో పని అంటిరి. పేపరువాళ్ళకు తెలియనివాళ్ళు యాడుంటారమ్మా?"

ఇన్నేళ్ళ ఉద్యోగం నా మీదికే తిరిగింది. మండీ గురించి, నాన్న గురించి, కొత్త పేజీకి శ్రీ రాయడం గురించి చెప్పాను. చెబుతుంటే అది నాకే కట్టుకథలా వినిపించింది. ఎన్నో విచారణలకు వెళ్ళి రాసుకున్నదాన్ని. నిజం చెప్పేవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే తడబడతారని నాకు తెలుసు. చెప్పనివాళ్ళు కూడా.

ఆవిడ ఫైలులో ఏదో రాసుకున్నారు. ప్రొఫెసరు ఒక తెల్లకాగితం, పెన్ను నా వైపు తోశారు.

"మీ మండీకి ఒక రైతు పూలు తెచ్చినాడు. కొంత డబ్బు తీసుకొని పోయినాడు. ఆయన ఖాతా రాయండి చూద్దాం."

పెన్ను పట్టుకున్నాక ఆయన ఏం చూడాలనుకుంటున్నారో అర్థమైంది. పైన శ్రీ రాస్తానా, రాయనా? రాస్తే, వాళ్ళకు చూపించడానికి రాసినట్టు. రాయకపోతే, ఇంతసేపూ చెప్పిన అలవాటు లేనట్టు. కాగితం పైభాగం తెల్లగా నా ముందు ఉంది.

"సార్, ఇప్పుడు శ్రీ రాస్తే అది అలవాటు కాదు, నాటకం" అన్నాను. "నేను రాయను."

"నేను శ్రీ రాయమన్నానా? ఖాతా రాయండి."

మధ్య గీత గీశాను. నా చూపంతా పైభాగం మీదే ఉంది. చెయ్యి అటు పోకుండా పట్టుకుని, రైతు పేరు రాసి, పూల విలువ రాసి, ఇచ్చిన డబ్బు రాసి, కాగితం తిప్పి ఆయన ముందు పెట్టాను. శ్రీ లేదు. కాస్త ఊపిరి వచ్చింది.

ఆయన చూశారు. పెదాలు బిగించారు. కాగితాన్ని ఆవిడ వైపు జరిపి వేలితో చూపించారు. అప్పుడు నేనూ చూశాను. పూల విలువ ఎడమవైపు ఉంది. ఇచ్చిన డబ్బు కుడివైపు ఉంది. మనిషి పేజీ, తలకిందులు.

పాసు కావాల్సిన విషయమే రాదని నా చేత్తో రాసి ఇచ్చాను.

"మీ మండీలో రైతు జమ ఎడమపక్కనే రాస్తారా?" అని ఆయన అడిగారు.

"అవును సార్."

ఆయన జవాబు పుస్తకం దగ్గరికి లాక్కుని పేజీలు తిప్పారు. "పరీక్షలో అన్నీ కుడిపక్క సరిగ్గా రాసినారే?"

"గాజులు చూసుకొని రాసినాను సార్."

"ఏం గాజులు?"

చెప్పాను. ఎడమచేతి గాజులు డెబిట్ అని, ఈ రోజు తీసేసి వచ్చానని. ఫైలావిడ మొదటిసారి తలెత్తి నా ఖాళీ చేతుల్ని చూశారు. ప్రొఫెసరు నవ్వలేదు. జవాబు పుస్తకాన్నీ ఈ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు.

"అప్పుడు పక్కలు చూసుకున్నారు, పైన జారింది. ఇప్పుడు పైన చూసుకున్నారు, పక్క జారింది" అని, కాగితాన్ని ఫైలులో పెట్టారు. "పోయి రండమ్మా."

అంతే. రద్దు అని కానీ, లేదని కానీ చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని శూలగిరి దాకా ఆ రెండు మాటల్నే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఒకసారి అవి విడుదలలా వినిపించేవి, మరోసారి తీర్పులా. హోసూరులో దిగేసరికి ఏదీ తేలలేదు.

ఫలితం ఉగాదికి రెండు రోజుల ముందు వచ్చింది. శ్రీ పడిన పేజీకి మార్కులు ఇవ్వలేదు. మిగతావి గట్టెక్కడానికి సరిపోయాయి, అంతకంటే ఎక్కువ కాదు. ఎడిటర్‌కి పంపితే "సోమవారం రండి" అని ఒక్క ముక్క జవాబిచ్చారు. జవళగిరి అమ్మాయికి చెబితే తన గాజులకు ఫీజు ఇవ్వమంది.

ఉగాది పొద్దున అన్న కొత్త ఖాతా పుస్తకానికి పసుపు పెట్టి, మండీలో పెట్టెమీద తెరిచి, పెన్ను నాకిచ్చాడు. ఏటా లాగే. చుట్టూ పూల వాసన. రైతులిద్దరు పక్కన నిలబడి చూస్తున్నారు. నేను పేజీ పైన పెన్ను పెట్టాను. చెయ్యి కదలలేదు. ఎవరైనా వచ్చి పుస్తకం లాక్కుంటారేమో అన్నట్టు తలుపు వైపు చూశాను.

"రాయమ్మా" అన్నాడు అన్న. "ఈడ దిద్దేవాళ్ళు ఎవరూ లేరు."

రాశాను. ఎప్పుడూ గుండ్రంగా వచ్చే అక్షరం కాస్త వంకరగా పడింది. అన్న వంగి చూసి, పరవాలేదు అన్నట్టు తల ఊపి, ఆ పేజీలో మొదటి రైతు పేరు తనే రాసుకున్నాడు. జమ ఎడమవైపే రాశాడు.